ముడుచుకొన్న చేయి

కాలిన గాయము మానుచున్న దినములలో రోగిని బాధించునది నొప్పి యొక్కటియే కాదు. కదలినచో నొప్పి కలుగునేమో యను భయము అంతకంటె మొండిది. మోచేయి కాలినవాడు చేతిని ముడుచుకొనియుండును. మెడ కాలినవాడు గడ్డమును రొమ్మునకు ఆనించుకొనును. అట్లుండిన సుఖముగానుండును. చిక్కంతయు ఆ సుఖములోనే యున్నది.

లోతుగా కాలినచోట పుట్టు క్రొత్తచర్మము మామూలు చర్మమువలె సాగదు. అది నెలల తరబడి బిగియుచు, కుంచించుకొనుచు ఉండును. ఆ కాలమున కీలును చాపకున్నచో అవయవము ముడుచుకొన్నట్లే నిలిచిపోవును. పిమ్మట శస్త్రచికిత్స చేసినగాని అది సడలకపోవచ్చును. చర్మము అతికించిన తరువాత కొద్ది దినములు కదలవలదని వైద్యుడే చెప్పును. ఆ గడువు తీరిన పిదప కదలకుండుటయే కీడు. "కదపకు నాయనా, నొప్పిపుట్టును" అని ఇంటివారు వారించుట ప్రేమచేతనే. పాపము, ఆ ప్రేమ చేతిని కాపాడజాలదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అను చిన్న పట్టణపు ఆసుపత్రిలో ఈ సమస్యను ఎదుర్కొన్న వైద్యుడు ఆర్చిబాల్డ్ మెకిండో. ఆయన న్యూజీలండు దేశీయుడు. మండుచున్న విమానములనుండి బయటపడిన యువకులు ముఖములు, చేతులు కాలి ఆయనయొద్దకు వచ్చుచుండిరి. అంతకుముందు కాలినచోట టానిక్ ఆమ్లము పూయు వాడుక యుండెను. అది పెచ్చుకట్టి గట్టిపడగా వ్రేళ్లు కొయ్యబారిపోవుచుండెను. మెకిండో దానిని మాన్పించి, రోగులను గోరువెచ్చని ఉప్పునీటి తొట్టెలలో ఉంచెను. సముద్రమున పడిన వైమానికుల గాయములు మేలుగా మానుటను ఆయన గమనించియుండెను. ఆ నీటిలో కట్లు లాగకయే ఊడివచ్చును. గాలిలో కదపజాలని వ్రేళ్లను నీటిలో కొంత కదపవచ్చును.

శరీరముతోపాటు మనస్సును కూడ కదలింపవలెనని ఆయన యెరుగును. రోగుల కచ్చట ఆసుపత్రి దుస్తులు ధరింపవలెనను నిర్బంధము లేదు. వికృతమైన ముఖములతోనే వారు వీధులలో తిరిగిరి. ఆ పట్టణవాసులు వారిని వింతగా చూడక తమ యిండ్లకు పిలిచిరి. ఇది చిన్న ఉపకారము కాదు. 1941లో ఆ రోగులు గినీపిగ్ క్లబ్బు అను సంఘమును పెట్టుకొనిరి. తమపై క్రొత్త చికిత్సలు పరీక్షింపబడుచున్నవని పరిహాసముగా పెట్టుకొన్న పేరది. వ్రేళ్లు కాలినవానిని కార్యదర్శిగా ఎన్నుకొనిరట, ఎక్కువ వ్రాయలేడని! కాళ్లు కాలినవాడు కోశాధికారి, సొమ్ముతో పారిపోలేడు గనుక!

వారిలో జెఫ్రీ పేజ్ ఒకడు. 1940 ఆగస్టు 12వ తేదీన అతని విమానము మంటలలో చిక్కుకొనగా అతడు సముద్రమున దిగెను. చేతులు దారుణముగా కాలెను. అనేక శస్త్రచికిత్సల పిమ్మట, 1943లో అతడు ఆ చేతులతోనే యుద్ధవిమానమును నడపెను.

నేటి ఆసుపత్రులలో వ్యాయామమునకు ముందుగా నొప్పి తగ్గించు మందు నిత్తురు. ఏమి చేయబోవుచున్నదియు రోగికి చెప్పుదురు, ఒక్కసారిగా లాగరు. పసిపిల్లలకు బంతిని అందించి పట్టుకొమ్మందురు. వారు భయమును మరచి చేయి చాపుదురు. పెద్దవారిచేత గోడమీద వ్రేళ్లతో పైకి ప్రాకింతురు. నిన్నటి యెత్తు దాటిననాడు రోగి తన చేతిని తానే వింతగా చూచుకొనును.