శ్రీరామనవమి పానకము – దాని శాస్త్రమర్యాద

చైత్ర శుద్ధ నవమినాడు తెలుగునాట సీతారామకల్యాణము జరుగని గ్రామము అరుదు. కల్యాణము ముగిసినంతనే చలువపందిళ్ల క్రింద పానకము, వడపప్పు ప్రసాదముగా పంచుదురు. వడపప్పునకు పెసరపప్పు, నీరు చాలును. పానకమునకు బెల్లముతోపాటు మిరియము, సొంఠి, ఏలకి కూడ కావలెను. ఈ ద్రవ్యములన్నియు ఒకచోట ఏల చేరినవి? ఏది యెంత యుండవలెను? అని సామాన్యముగా ఎవ్వరును అడుగరు. అడిగి విచారించినచో పెద్దల వివేకము బోధపడును. నేటి పందిళ్లలో జరుగు కొన్ని పొరపాట్లును తెలియును.

సంస్కృతమున “పా” ధాతువునకు త్రాగుట యని యర్థము. త్రాగదగినది పానీయము. ద్రవ్యములు చేర్చి రుచిగా సిద్ధపరచినది పానకము. వాగ్భటుడు అష్టాంగహృదయమున ఋతుచర్యను చెప్పుచు, గ్రీష్మమున క్రొత్త మట్టిపాత్రలో నుంచిన పానకమును, పాటలపుష్పముల వాసనయు కర్పూరమును గల చల్లని నీటిని సేవింపుమని విధించెను. చరకసంహితయు గ్రీష్మమున మధురము, శీతలము, ద్రవము నగు అన్నపానములనే మెచ్చినది. మద్యమును ఆ కాలమున మానుట మంచిదనియు, త్రాగువారు సైతము కొంచెముగా, మిక్కిలి నీరు కలిపి త్రాగవలెననియు అందు కలదు. వేసవి యతిథికి ఏమి యీయవలెనో దీనివలననే తెలియుచున్నది.

ఇచట నొక సందేహము కలుగును. చైత్ర వైశాఖములు వసంతఋతువు, గ్రీష్మము కాదు. చలికాలమున శరీరమందు పేరుకొన్న కఫము వసంతమున సూర్యకిరణముల వేడిమికి కరగి జఠరాగ్నిని మందగింపజేయును. కావున ఆ ఋతువున గురువు, ఆమ్లము, స్నిగ్ధము, మధురము నగు పదార్థములను వర్జింపవలెనని చరకసంహిత చెప్పుచున్నది. పాతబెల్లము పథ్యమనియు, క్రొత్తబెల్లము కఫమును పెంచి అగ్నిని చల్లార్చుననియు వాగ్భటుని మతము. చెరకు గానుగలు సంక్రాంతి ముందు వెనుకల ముమ్మరముగా ఆడును గనుక నవమినాటికి అంగళ్లలో విరివిగా దొరకునది క్రొత్తబెల్లమే. అట్లయిన పానకము ఋతువిరుద్ధము కాదా?

సమాధానము పానకపు బిందెలోనే యున్నది. మిరియము, సొంఠి కటురసము గలవి. కఫమును హరించి అగ్నిని దీపింపజేయును. వసంతమున అల్లము వేసిన నీటిని త్రాగుమని వాగ్భటుడే చెప్పెను. ఎండలో నడచి వచ్చిన జనులకు దాహము తీరవలెను, అగ్నిమాంద్యము కలుగరాదు. మొదటి పనికి బెల్లపునీరు, రెండవ పనికి సొంఠి మిరియములు ఏర్పడినవి. కావున ఘాటు పిల్లలకు గిట్టదని వానిని మానివేసి పంచునది వట్టి బెల్లపునీరే గాని పానకము కాదు.

ఒక లీటరు నీటికి సుమారు 150 గ్రాముల బెల్లము, అరచెంచా మిరియాలపొడి, పావుచెంచా సొంఠిపొడి, 4 ఏలకుల పొడి చాలును. బెల్లమును నీట కరగించి పలుచని గుడ్డతో వడకట్టిన పిదప పొడులు కలుపవలెను. కొందరు నిమ్మరసము పిండుదురు. పులుపు చేరిన పానకమును కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో ఉంచరాదు.

ఇట్లు కలిసిన పానకమున బెల్లపు రుచి వేరుగా, మిరియపు రుచి వేరుగా తోపదు. దేనియందును విడిగా లేని క్రొత్తరుచి యొకటి పుట్టును. మమ్మటుడు కావ్యప్రకాశమున రసాస్వాదమును బోధించుటకు ఈ పానకరసమునే దృష్టాంతముగా గ్రహించెను. ఒక ద్రవ్యము హెచ్చినచో ఆ యేకరుచి చెడును. బెల్లము ఎక్కువ వేసినంత మాత్రమున భక్తి ఎక్కువయినట్లు కాదు.

గుంటూరు జిల్లా మంగళగిరి కొండపై వెలసిన నరసింహస్వామికి పానకాలస్వామి యని ప్రసిద్ధి. అర్చకులు శంఖముతో స్వామి నోట పానకము పోయగా స్వామి సగము గ్రహించి, మిగిలిన సగము భక్తునకు ప్రసాదముగా విడుచునని భక్తుల విశ్వాసము. కృతయుగమున అమృతమును, త్రేతాయుగమున ఆవునేతిని, ద్వాపరమున ఆవుపాలను గ్రహించిన స్వామి కలియుగమున పానకముతో తృప్తి చెందునని పెద్దలు చెప్పుదురు. పేదవాడును సమర్పింపగల వస్తువును కోరుట స్వామి కారుణ్యము. సగము విడుచుట పంచుకొనుమని బోధ.

పంచువారు ఈ క్రింది విషయములందు జాగరూకత వహింపవలెను. పానకమున వేయదగినది పచ్చకర్పూరము; అదియు రవ్వంత మాత్రమే. హారతి కర్పూరమును ఎన్నడును వేయరాదు. అది లోనికి పోయినచో విషము. పసిపిల్లలకు స్వల్పముగా తగిలినను మూర్ఛలు రాగలవు. నీరు కాచి చల్లార్చినది కావలెను. ఎక్కడి నీటితో గడ్డకట్టినదో తెలియని ఐసుముక్కలను బిందెలో వేయుటకంటె, క్రొత్త కుండకు తడిగుడ్డ చుట్టి నీడన నుంచుట మేలు. మిక్కిలి పసుపుపచ్చగా మెరయు బెల్లమునకు రంగుకొరకు రసాయనము చేర్చి యుండవచ్చును గనుక ముదురు రంగు బెల్లమునే ఎన్నుకొనవలెను. మధుమేహము గలవారిని మొగమాటపెట్టి గ్లాసెడు త్రాగింపరాదు. తీర్థమువలె ఉద్ధరిణెడు స్వీకరించినను ప్రసాదఫలము సమానమే.

ఉదయము కలిపిన పానకము ఆ పూటనే చెల్లిపోవలెను. నిలువయున్న బెల్లపునీరు పులియును. బెల్లమునుండి పుట్టిన మద్యమునకు స్మృతులలో గౌడి యని పేరు. వేళకు పంచినచో ప్రసాదమైన బెల్లమే, నిలువయుంచినచో నిషిద్ధవస్తువు కాగలదు.

చైత్ర వైశాఖములందు జలదానము పుణ్యప్రదమని ధర్మశాస్త్రములు ఘోషించుచున్నవి. చలివేంద్రములు నెలకొల్పుట, అక్షయతృతీయనాడు ఉదకుంభదానము చేయుట ఇందులకే. పానకమును ఆ దానములలో నొకటియే. దప్పిగొన్న వానికి శుచియైన పానకము ఒక గ్లాసెడు అందించి, వాని మొగము తేరుటను చూచినవాడే శ్రీరామనవమిని జరిపినవాడు. శ్రీరామచంద్రుని యనుగ్రహము అట్టివారికి సమృద్ధిగా లభించుగాక.