అడ్డగాలిలో విమానం

కళ్లంలో రాగులు తూర్పారబట్టేటప్పుడు ముందుగా ఏం చూస్తాం? గాలి ఎటునుంచి వస్తోందో చూస్తాం. ఆ తర్వాతే చేట ఎత్తుతాం.

విమానం నడిపే పైలట్ కూడా అంతే. దిగే ముందు గాలిని చూడాలి. విమానం దిగే బాటను రన్‌వే అంటారు. దాని పక్కన స్తంభానికి పొడవాటి గుడ్డసంచి కట్టి ఉంటుంది. అది ఎగిరే తీరు చూస్తే గాలి ఎటు వీస్తోందో, ఎంత జోరుగా ఉందో తెలుస్తుంది.

విమానం గాలికి ఎదురుగా దిగితే మేలు. తక్కువ దూరంలోనే ఆగుతుంది. కానీ గాలి తిరిగినప్పుడల్లా రన్‌వేను తిప్పలేం కదా! పక్కనుంచి వీచే గాలిని అడ్డగాలి అంటారు.

హార్సిలీ కొండ దగ్గర గడ్డిమోపు ఎత్తుకుని నడుస్తున్నారనుకోండి. పక్కనుంచి గాలి తోస్తుంది. మీరు గాలివైపు ఒరుగుతారు. ఉన్నట్టుండి గాలి ఆగితే తూలిపోతారు.

చిన్న విమానానికీ ఇదే కష్టం. సెస్నా 152 అనే విమానంలో ఇద్దరే కూర్చుంటారు. మనుషులతో, ఇంధనంతో కలిపి దాని బరువు 757 కిలోలు దాటకూడదు. అంత తేలిక కాబట్టి గాలి దాన్ని సులభంగా నెట్టేస్తుంది. గాలివైపు రెక్క పైకి లేస్తుంది. చక్రాలు వంకరగా నేలను తాకితే విమానం రన్‌వే దాటి పక్కకు పోతుంది.

అందుకే పైలట్ గాలివైపు రెక్కను కాస్త దించుతారు. నేల తాకే ముందు ముక్కును రన్‌వేకు సరిచేస్తారు.

రన్‌వే తప్పితే ఎంత ప్రమాదమో చూడండి. 2023 సెప్టెంబరు 14న విశాఖపట్నం నుంచి వెళ్లిన చిన్న విమానం ముంబైలో జోరువానలో దిగుతూ పక్కకు పోయి పడింది. విమానం విరిగిపోయింది. అదృష్టం కొద్దీ 8 మందీ బతికారు.

కుదరకపోతే ఏం చేయాలి? దిగడం మానుకుని మళ్లీ పైకి లేవాలి. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను గాలిలో చెన్నైలో ఒక పెద్ద విమానం అలాగే చేసింది. నేల దాకా వచ్చి పైకి వెళ్లిపోయింది. ప్రమాదం తప్పింది.

మనవైపు ఆడవాళ్లు కొందరు పనికోసం కువైట్ పోతుంటారు. వాళ్లు వచ్చే విమానం ఆలస్యమైతే మనకు దిగులు. కానీ పైలట్ వెనక్కి తగ్గడం పిరికితనం కాదు. అది జాగ్రత్త. మీరు విమానం ఎక్కితే అది పూర్తిగా ఆగేదాకా బెల్టు తీయకండి.

ఆలోచించండి, చెప్పండి

1. అడ్డగాలి అంటే ఏమిటి?
2. రన్‌వే పక్కన గుడ్డసంచి ఎందుకు కడతారు?
3. గాలిని చూసి మీరు చేసే పనులు ఏవి? రాయండి.