ముందు కింద కూర్చోండి

నలుగురికీ మేలు చేద్దామని బయల్దేరేవాళ్లలో చాలామందికి ఒక తొందర ఉంటుంది. చెప్పులు విప్పకముందే సలహాలు విప్పుతారు. ఈ జబ్బుకి ఫిజీ దీవుల్లో మంచి మందుంది.

వనువా లెవు ఒడ్డున, లంబాసా ఊరికి దగ్గర్లో, వొరోవొరో అని ఒక చిన్న దీవి. 2006లో బెన్ కీన్, మార్క్ జేమ్స్ అనే ఇద్దరు బ్రిటిష్ కుర్రాళ్లు వొరోవొరోని కౌలుకి తీసుకున్నారు. ‘ట్రైబ్‌వాంటెడ్’ పేరుతో దేశదేశాల జనాన్ని పిలిచారు. ఇంటర్నెట్లో సభ్యులు ఓట్లేసి నిర్ణయాలు తీసుకోవాలి, వంతులవారీగా వచ్చి ఉండాలి, ప్రకృతికి భారం కాని ఊరొకటి కట్టుకోవాలి. ఇదీ వాళ్ల ఊహ. కానీ ఓట్లు ఎన్ని పడినా నేల మాత్రం ‘తుయి మలీ’ బిరుదున్న అక్కడి పెద్ద వంశానిది.

అందుకే అక్కడ ఏ పనికైనా ముందు ‘సెవుసెవు’. వచ్చినవాళ్లు టోపీ తీసి, చాప మీద మఠం వేసుకుని, యంగోనా అనే మొక్క వేళ్ల కట్ట పెద్ద ముందు పెట్టి, ఉండటానికి అనుమతి అడుగుతారు. మనం తాంబూలం ఇచ్చి పిలిచినట్టే. పోలిక ఊరికే అనలేదు, యంగోనా మన తమలపాకుకీ మిరియానికీ దాయాదే. ఆ వేళ్లు దంచి నీళ్లలో పిసికి కొబ్బరిచిప్పలో ఇస్తారు. ఒకసారి చప్పట్లు కొట్టి, ఒక్క గుక్కలో తాగి, మళ్లీ మూడు చప్పట్లు. నాలుక మొద్దుబారుతుంది. ఉపన్యాసం ఇవ్వాలనుకున్నవాడికి అంతకన్నా మేలేముంది!

తర్వాత రోజులన్నీ పనులే. ఇలాంటి దీవుల్లో తాగడానికి వాన నీళ్లే ఆధారం. ట్యాంకు మీద తట్టి, చప్పుడు బట్టి మట్టం తెలుసుకుంటారు. ఒకడు రెండు బకెట్లు ఎక్కువ పోసుకుంటే ఊరంతటికీ తెలుస్తుంది. మలాన్ని ఎరువుగా మార్చే మరుగుదొడ్లో నీళ్లు పోయరు; వెళ్లొచ్చినవాళ్లు రంపపు పొట్టో, ఎండుటాకులో ఒక డబ్బాడు పైన చల్లాలి. మరిచారా, ఈగలు. నిండిన పీపా ఖాళీ చేసే వంతు వచ్చినప్పుడు ముక్కు చిట్లించనివాడి మాట సాయంత్రం నలుగురూ వింటారు. సౌరశక్తి గురించి గంట మాట్లాడి, గిన్నెలు కడిగే వేళకి మాయమయ్యేవాడిది ఎవరూ వినరు. నేలలో పాతిన మొన మీద కొబ్బరికాయ పీచు ఒలవడం అక్కడి పిల్లలకి చిటికెలో పని. పట్నం పట్టభద్రుడు చెమటలు కక్కుతాడు. కోనసీమవాళ్లు చూస్తే పడీపడీ నవ్వుతారు.

ఇది నేర్చుకోవడానికి మీరు దీవికి వెళ్లక్కర్లేదు. కొత్త ఉద్యోగంలో చేరినా, అపార్ట్‌మెంట్ కమిటీలో అడుగుపెట్టినా, ఊరి బడికి ఏదో చేద్దామని వెళ్లినా మొదటి వారం సలహా ఇవ్వకండి. ఎప్పట్నుంచో ఆ పని చూస్తున్న మనిషెవరో కనుక్కుని, పక్కన కూర్చోండి. ఎవరూ ముట్టని పని ఒకటి అడిగి తీసుకోండి. తోచిన గొప్ప ఆలోచనలన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. వారం తర్వాత తీసి చూస్తే సగం మీరే కొట్టేస్తారు. మిగతావి ఎవరితో చెప్పాలో, ఎవరి ముందు చెప్పకూడదో అప్పటికి తెలిసొస్తుంది.