తొమ్మిదో రోజూ విడవని జ్వరం
ప్రశ్నలు - జవాబులు

బెంగళూరు నుంచి హోసూరు వెళ్లే దారిలో కర్ణాటకకు చివరి ఊరు అత్తిబెలె. కన్నడం, తెలుగు, తమిళం మూడూ ఒకే టీ కొట్టు దగ్గర వినిపిస్తాయి. ఇక్కడి ఫ్యాక్టరీల్లో పనికోసం కుప్పం, పలమనేరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు చాలామంది. పండక్కీ, పంటకీ సొంతూరు వెళ్లి వస్తుంటారు. ఆ రాకపోకలకూ జ్వరాలకూ ఉన్న సంబంధం ఈ వారం మొదటి ఉత్తరంలోనే కనిపిస్తుంది.

ప్రశ్న: మా ఆయనకు డెంగ్యూ పాజిటివ్ అన్నారు. సెలైన్ ఎక్కించారు, ఇంజెక్షన్లు వేశారు. ప్లేట్‌లెట్లు కాస్త పెరిగాయి. కానీ తొమ్మిదో రోజుకీ జ్వరం విడవలేదు, దగ్గు కూడా మొదలైంది. జ్వరం రావడానికి పది రోజుల ముందు మా ఊళ్లో చెనక్కాయలు పెరకడానికి వెళ్లొచ్చారు. ఒకే మనిషికి ఒకేసారి రెండు జ్వరాలు వస్తాయా?
- ఒక గృహిణి, అత్తిబెలె

జవాబు: వస్తాయి. డెంగ్యూ జ్వరం సాధారణంగా ఏడు రోజులకు మించి సాగదు. తొమ్మిదో రోజూ ఒళ్లు కాలుతోందంటే డెంగ్యూతో పాటు ఇంకేదో ఉందనో, అసలు అది డెంగ్యూయే కాదనో అనుకుని వెతకాలి. రిపోర్టులో ఒక పేరు దొరకగానే వెతకడం ఆపేయడమే ఇలాంటి జ్వరాల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట చెనక్కాయల చేను. పొదల్లో, గడ్డిలో, ఎలుకలు తిరిగే గట్ల మీద కంటికి ఆననంత చిన్న పురుగులు ఉంటాయి. వాటి పిల్లపురుగు కుట్టినప్పుడు ఒంట్లోకి చేరే బ్యాక్టీరియా వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టినట్టు కూడా తెలియదు. వారం, పది రోజులు, ఒక్కోసారి మూడు వారాలకు జ్వరం మొదలవుతుంది. 2025 చివర ఆంధ్రప్రదేశ్‌లో ఈ జ్వరం వార్తల్లోకి ఎక్కినప్పుడు ఎక్కువ కేసులు చిత్తూరు జిల్లాలోనే నమోదయ్యాయి. కుప్పం ఆ జిల్లాలోదే. వానాకాలం చివర డెంగ్యూ ఇంకా తగ్గకముందే ఇది అందుకుంటుంది. రెండూ కలిసే నెలలు అవే.

పురుగు కుట్టిన చోట ఒక మచ్చ పడుతుంది. అగరొత్తి చురక అంటుకున్నట్టు నల్లటి పొక్కు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే రోగి చెప్పడు. చంకలో, గజ్జల్లో, మోకాలి వెనక, ఆడవాళ్లకు రొమ్ముల కింద, మగవాళ్లకు మొలతాడు కింద దాక్కుంటుంది. చామనఛాయ ఒంటి మీద చటుక్కున కనిపించదు కూడా. అందరికీ మచ్చ పడాలనేమీ లేదు, కాబట్టి మచ్చ లేనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు.

ఇక మందు సంగతి. డెంగ్యూ వైరస్‌ను చంపే మందు లేదు, ఒంట్లో నీరు తగ్గకుండా కాపాడుకుంటూ రావడమే వైద్యం. స్క్రబ్ టైఫస్‌కు మాత్రం డాక్సీసైక్లిన్ అనే చవకైన మందు ఉంది. సమయానికి పడితే చాలామందిలో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆస్పత్రుల్లో సెలైన్‌తో పాటు తరచుగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌కు ఈ బ్యాక్టీరియా లొంగదు. ఇన్ని ఇంజెక్షన్లు పడుతున్నా ఎందుకు తగ్గడం లేదన్న ప్రశ్నకు ఒక్కోసారి జవాబు ఇదే. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. అలా ముదిరినవాళ్లకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరంలోకి ఇస్తే ఒక్క మందు కంటే మేలని వెల్లూరు సీఎంసీ వైద్యుల ఆధ్వర్యంలో దేశంలోని పలు ఆస్పత్రుల్లో జరిగిన పరిశోధన 2023లో తేల్చింది.

దగ్గు ఉందన్నారు కాబట్టి ఇది రేపటికి వాయిదా వేసే విషయం కాదు. స్క్రబ్ టైఫస్‌తో పాటు మలేరియా, లెప్టోస్పైరోసిస్ పరీక్షలూ చేయించమని అడగండి. లెప్టోస్పైరోసిస్ ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో, బురదలో తిరిగినవాళ్లకు సోకుతుంది. దానికీ మందుంది, మలేరియాకూ ఉంది. డెంగ్యూ అన్న పేరు వెనక నక్కేవి చాలావరకు ఇలా మందున్న జబ్బులే. వాటిని చూడకుండా వదిలేయడం ఎంత అన్యాయం!

ప్రశ్న: మా పాప రిపోర్టులో డెంగ్యూ ఐజీఎం పాజిటివ్, వైడాల్ కూడా పాజిటివ్. అంటే డెంగ్యూ, టైఫాయిడ్ రెండూ ఉన్నట్టేనా?
- ఒక తండ్రి, ఆనేకల్

జవాబు: కాగితం మీద రెండున్నంత మాత్రాన ఒంట్లో రెండున్నట్టు కాదు. ఈ రెండు పరీక్షలూ క్రిమిని చూపవు, క్రిమి మీద ఒళ్లు చేసిన పోరాటం తాలూకు ఆనవాళ్లను చూపుతాయి. డెంగ్యూ ఐజీఎం జ్వరం తగ్గాక కూడా రెండు మూడు నెలలు రక్తంలో ఉండొచ్చు. వైడాల్ మరీ నమ్మకం లేనిది. పాత ఇన్ఫెక్షన్లకూ, వేరే జ్వరాలకూ పాజిటివ్ చూపుతుంది. టైఫాయిడ్‌ను తేల్చేది బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు తీస్తేనే బాగా పనికొస్తుంది. డెంగ్యూకైతే మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం. రిపోర్టును జ్వరం ఎన్నో రోజో చూసి చదవాలి. ఆ పని ల్యాబు చేయదు, పాపను చూస్తున్న డాక్టరే చేయాలి.

ప్రశ్న: ప్లేట్‌లెట్లు 40 వేలకు పడిపోయాయి. ఎక్కించమని అడగాలా? ఒళ్లు నొప్పులకు ఇంజెక్షన్ వేయించుకోవచ్చా?
- ఒక ఉద్యోగి, చందాపుర

జవాబు: రక్తస్రావం లేకపోతే 40 వేలకు ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని మామూలుగా ఉండదు. నొప్పి ఇంజెక్షన్ మాత్రం వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచగలవు. పారాసిటమాల్ చాలు, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. డెంగ్యూలో అసలు ప్రమాదం జ్వరం దిగే రోజుల్లో మొదలవుతుంది. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కౌంట్ ఎంతున్నా సరే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ప్రశ్న: మాకు ట్యాంకర్ నీళ్లే దిక్కు. డ్రమ్ముల్లో పట్టుకోక తప్పదు. దోమలు రాకుండా ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, అత్తిబెలె

జవాబు: ఇది బెంగళూరుకు కొత్త ప్రశ్న కాదు. 1883లో ఇక్కడి సైనిక శిబిరంలో డాక్టరుగా ఉన్న రొనాల్డ్ రాస్, తన బంగళాలో దోమల బెడద ఎందుకుందో వెతికితే కిటికీ దగ్గరి నీళ్ల తొట్టిలో దోమ పిల్లలు కనిపించాయి. తొట్టి బోర్లిస్తే దోమలు తగ్గాయి. ఆ మనిషే 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టి, 1902లో నోబెల్ అందుకున్నాడు.

డెంగ్యూ దోమ డ్రమ్ము లోపలి గోడకు, నీటి అంచున గుడ్లు పెడుతుంది. నీళ్లు పారబోసినా ఆ గుడ్లు ఎండిన గోడ మీద నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. అందుకని వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి, లోపలి గోడను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది, గుడ్డ బిగించి మూత పెట్టాలి. చికున్‌గున్యాను మోసేదీ ఈ దోమే. 2005 చివర రాయలసీమ వైపు మొదలైన ఆ జ్వరం 2006లో దేశమంతా పాకితే, సుమారు 13 లక్షల 90 వేల అనుమానిత కేసుల్లో సగానికి పైగా కర్ణాటకలోనే. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగ్యూను అంటువ్యాధిగా ప్రకటించి, దోమలు పెరగనిచ్చే ఇళ్లకూ స్థలాలకూ జరిమానా పెట్టింది. పక్కనున్న ఖాళీ జాగాలో నీళ్లు నిలిస్తే పురసభకు ఫిర్యాదు చేయండి, అది మీ హక్కు.

మొదటి ఉత్తరం రాసిన సోదరికి ఇంకొక్క మాట. ఈ జవాబు చదవగానే మొలతాడు పక్కకు జరిపి, టార్చి వేసి ఆయన ఒళ్లంతా చూడండి. మచ్చ కనిపించినా కనిపించకపోయినా ఈరోజే ఆస్పత్రికి తీసుకెళ్లి, డాక్టరుతో ముందుగా చెనక్కాయల చేను గురించి చెప్పండి.