హెచ్.ఐ.వి. నివారణ మందులు – ఊరి మందుల దుకాణము

ఎయిడ్సు వ్యాధిని గూర్చి వినని పంచాయతీ సభ్యుడు నేడు లేడు. ఆ వ్యాధికి మూలమైన హెచ్.ఐ.వి. సోకకుండ కాపాడు మాత్రలు కలవని ఎరిగినవారు మాత్రము కొలదిమందియే.

ఇవి టీకాలు కావు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబైన్ అను రెండు మందులు కలిసిన మాత్రను వైద్యుని సలహాపై దినమున కొకటి చొప్పున తప్పక వాడినచో, లైంగిక సంపర్కమువలన వైరసు సోకు అవకాశము మిక్కిలి తగ్గును. భర్తకు హెచ్.ఐ.వి. ఉన్నదనుకొందము. అతడు మందులు వాడి, రక్తములో వైరసు కానరాని స్థితికి వచ్చువరకు భార్యను ఈ మాత్ర కాపాడగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 లో దీనిని సిఫారసు చేసినది. మన జాతీయ ఎయిడ్సు నియంత్రణ సంస్థ 2022 లో మార్గదర్శక సూత్రములు వెలువరించినది.

అపాయము జరిగిన పిమ్మట వాడు మందులును కలవు. అత్యాచారమునకు గురియైన స్త్రీకి, వాడిన సూది గుచ్చుకొనిన నర్సుకు ఇవి అవసరము. 72 గంటలలోపల మొదలిడి 28 దినములు వాడవలయును. ఎంత త్వరగా మొదలిడిన అంత మేలు. శనివారము రాత్రి ఆపద జరిగినచో గడువు మంగళవారము రాత్రితో తీరును. ఆదివారము భయముతోను, సోమవారము బస్సు కొరకును గడచినచో మిగులునది ఒక్క దినమే. కావుననే ఈ మందులను మందుల దుకాణములవంటి దగ్గరి స్థలములలో అందజేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 లో సూచించినది.

ఈ విషయమున కెన్యా దేశపు అనుభవము గమనింపదగినది. అచట 2017 నుండి ప్రభుత్వ చికిత్సాలయములు నివారణ మాత్రల నిచ్చుచుండెను. అయినను పలువురు రాలేదు. రోగుల వరుసలో నిలిచినచో చూచినవారు ఏమనుకొందురో అను సంకోచము కొందరిది. పనిదినము పోవునను చింత మరికొందరిది. అందుచే 2020 లో కిసుము, కియాంబు ప్రాంతములందు 12 ప్రైవేటు మందుల దుకాణములలో ఒక ప్రయోగము ఆరంభించిరి. శిక్షణ పొందిన ఫార్మసిస్టు వచ్చినవారిని చాటుగానున్న గదిలో విచారించి, వారిచేతనే హెచ్.ఐ.వి. పరీక్ష చేయించి, సందేహమున్నచో వైద్యునితో టెలిఫోనులో సంప్రదించి, పిదపనే మాత్రలిచ్చెడివాడు.

ఇందు పరీక్షయే ప్రాణము. ముందే వైరసు సోకిన వ్యక్తి ఈ రెండు మందులనే వాడినచో అవి దానిని అణచజాలవు. వైరసు వాటికి లొంగని విధముగా మారి తరువాతి చికిత్స కష్టమగును. మూత్రపిండముల పరీక్షయు, మూడు నెలల కొకసారి మరల హెచ్.ఐ.వి. పరీక్షయు కావలయును. తలనొప్పి మాత్రవలె ఏ మందునైనను చీటీ లేకయే ఇచ్చు అలవాటు మన ఊళ్లలో కొన్ని దుకాణములకు కలదు. ఈ మందుల విషయమున అది సహింపరానిది. మన దేశమున ఇవి వైద్యుని చీటీపై మాత్రమే అమ్మదగినవి గనుక, కెన్యా పద్ధతిని మన దుకాణదారుడు తనంతట తాను అనుసరింప వీలులేదు.

అట్లని అతడు చేయదగినది లేకపోలేదు. చీటీ తెచ్చినవానికి మందు తెప్పించి యిచ్చుట, చీటీ లేనివానిని పరీక్షా కేంద్రమునకు పంపుట, విన్న సంగతిని అంగడి గడప దాటనీయకుండుట అతని చేతిలోనివే. ఒకరికి హెచ్.ఐ.వి. ఉన్నదన్న సంగతిని వారి అనుమతి లేక వెల్లడించుటను 2017 నాటి చట్టము నిషేధించినది. చిన్న ఊరిలో రహస్యము నిలుచునా యని సభ్యులు సందేహింపవచ్చును. నిలువనిచోట ఎవరును రారు.

మందునకు కొరత యన్న మాట మన ప్రాంతమునకు అంతగా చెల్లదు. ఏడాదికి రెండుమారులే వేయు లెనకాపవిర్ ఇంజెక్షను తయారీకి 2024 లో అనుమతి పొందిన ఆరు కంపెనీలలో డాక్టర్ రెడ్డీస్, హెటిరో అను రెండును హైదరాబాదువే. మిగిలిన దూరము హైదరాబాదునుండి మన ఊరికి గల దూరమే.

72 గంటల మందు తమకు సమీపమున ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో, రాత్రివేళ సయితము దొరకునో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని అడిగి సభ్యులు తెలిసికొనవలయును. ఆ ఆసుపత్రి పేరును, ఎయిడ్సు సహాయ టెలిఫోను 1097 ను ఆశా కార్యకర్తయొద్దను, మందుల దుకాణమునందును వ్రాయించి యుంచుటకు వచ్చు సమావేశముననే తీర్మానింపవచ్చును.