ఇన్‌స్టాల్ కొట్టే ముందు ఒక్క నిమిషం

ఏఐ టూల్ కోడ్‌తో పాటు "పిప్ ఇన్‌స్టాల్" అంటూ ఒక ప్యాకేజీ పేరు కూడా ఇస్తుంది. ఒక్కోసారి అసలు లేని పేరునే ఉన్నట్టు చెప్పేస్తుంది. పైపీఐలో ఎవరూ తీసుకోని పేరు మీద ఎవరైనా ప్యాకేజీ పెట్టొచ్చు. అలాంటి పేర్లతో దొంగ కోడ్ పెట్టడాన్ని స్లాప్‌స్క్వాటింగ్ అంటారు. ఇన్‌స్టాల్ అవుతుండగానే ఆ కోడ్ రన్ అయ్యి, మన పాస్‌వర్డ్‌లు పట్టుకుపోవచ్చు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ప్యాకేజీలను విడిగా ఉంచుతుందే గానీ, దొంగ కోడ్‌ని ఆపదు.

అందుకే ముందు పైపీఐ పేజీ తెరవండి. ఎవరు రాశారు, ఎప్పటి నుంచి ఉంది, సోర్స్ కోడ్ ఎక్కడుంది చూడండి. పేరు కనిపించింది కదా అని నమ్మేయకండి, ఆ పేరే వల కావచ్చు. టీమ్ ప్రాజెక్ట్ అయితే, రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో కొత్త పేరు చేరినప్పుడు ఇంకొకరు చూశాకే మెర్జ్ చేయండి.