చీటీ చెప్పే కథ

పిల్లలూ! పొలం గట్లమీద, కంచెల పక్కన నాగజెముడు పొదలను మీలో చాలామంది చూసే ఉంటారు. దాని పచ్చని బిళ్ళలను మనం ఆకులనుకుంటాం. నిజానికి అవి కాండాలు! ఆకులు ముళ్ళుగా మారిపోయాయి. ఈ జాతి మొక్కల పుట్టినిల్లు అమెరికా ఖండం.

దక్షిణ అమెరికాకు పడమటగా, పసిఫిక్ మహాసముద్రంలో సుమారు 1000 కిలోమీటర్ల దూరాన గాలపాగోస్ దీవులున్నాయి. 1835లో 26 ఏళ్ళ చార్లెస్ డార్విన్ 'బీగిల్' ఓడలో అక్కడికి వెళ్ళాడు. మొక్కలు సేకరించి, ఎండబెట్టి, ఇంగ్లండులోని తన గురువు హెన్‌స్లోకు అందజేశాడు. వాటిలోని నాగజెముడు కొత్త జాతి అని గుర్తించి, 1837లో హెన్‌స్లో దానికి 'ఒపన్షియా గాలపాగియా' అని పేరు పెట్టాడు.

ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అంటించి భద్రపరిచే చోటును హెర్బేరియం అంటారు. డార్విన్ తెచ్చిన మొక్కలు నేటికీ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం హెర్బేరియంలో ఉన్నాయి.

నాగజెముడును ఎండబెట్టడం మాత్రం సులభం కాదు. బిళ్ళనిండా నీరే! అలాగే అద్దుడు కాగితాల మధ్య పెడితే కుళ్ళుతుంది. లేదా ఎండకుండా చిగురు కూడా వేస్తుంది! అందుకే బిళ్ళను నిలువుగా చీల్చి, లోపలి గుజ్జు తీసివేసి, కాగితాలు మారుస్తూ ఆరబెడతారు. ఇంత శ్రమ ఉంది కనుకనే చాలామంది సేకర్తలు ఈ మొక్కల జోలికి పోరు.

సరే, ఎండిన బిళ్ళతో లాభమేమిటి? అసలు విలువ దాని పక్కన అంటించిన చీటీలో ఉంది. ఎక్కడ దొరికింది? ఎప్పుడు? ఎవరు తెచ్చారు? ఇవన్నీ అందులో ఉంటాయి.

డార్విన్ తన పిచ్చుకల విషయంలో పొరపాటు చేశాడు. ఏ పక్షి ఏ దీవిదో చాలావాటికి రాసుకోలేదు. తరువాత ఓడలోని ఇతరుల నమూనాలను వెదుక్కోవలసి వచ్చింది. మొక్కల చీటీలపై మాత్రం దీవుల పేర్లు రాశాడు. వాటిని పరిశీలించిన హుకర్ ఒక వింత కనుగొన్నాడు. జేమ్స్ దీవిలో దొరికిన 71 జాతులలో 38 గాలపాగోస్‌లో తప్ప మరెక్కడా లేవు. వాటిలోనూ 30 ఆ ఒక్క దీవిలోనే దొరికాయి! చీటీలు లేకపోతే ఈ సంగతి తెలిసేదా?

నాగజెముళ్ళు కూడా దీవికొక తీరున ఉంటాయి. పెద్ద తాబేళ్ళు తిరిగే శాంతాక్రూజ్ దీవిలో అవి 12 మీటర్ల వరకు చెట్లలా పెరుగుతాయి. తాబేళ్ళు లేని జెనొవేసా దీవిలో నేలబారుగా పాకుతాయి. వాటి ముళ్ళు మెత్తన. తాబేళ్ళకు అందకుండా ఉండటానికే మానులు ఎత్తు పెరిగాయని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఎస్పనోలా దీవిలో మనుషులు వదిలిన మేకలు నాగజెముళ్ళను మేసి నాశనం చేశాయి. 1978 నాటికి మేకలను పూర్తిగా తొలగించారు. ఇలా మొక్కలు నశించినచోట మళ్ళీ నాటాలంటే, ఏ దీవిలో ఏ రకం ఉండేదో తెలియాలి కదా! అప్పుడు పాత చీటీలే సాక్ష్యం.

మీరు చేసి చూడండి: వేప రెమ్మనో, తులసి రెమ్మనో పాత వార్తాపత్రికల మధ్య ఉంచి, పైన బరువు పెట్టండి. రోజూ కాగితం మార్చండి. ఎండాక అట్టకు అంటించి, ఊరు, తేదీ, మీ పేరు, పూల రంగు రాయండి. నాగజెముడును మాత్రం ముట్టుకోకండి; దాని నూగుముళ్ళు చర్మంలో దిగితే తీయడం కష్టం. రెమ్మ వాడిపోతుంది, రంగు మాస్తుంది. మీరు రాసిన చీటీ మాత్రం నూరేళ్ళ తరువాత కూడా మాట్లాడుతుంది!